పాత ఇల్లు ఇచ్చి కొత్త ఇల్లు తీసుకుంటే పన్ను పడుతుందా? టి. నగర్ కుటుంబాలకు ఒక వివరణ

టి. నగర్‌లో ఏ వీధిలోకి వెళ్లినా ఈమధ్య ఒకటే దృశ్యం. ఒక పాత ఇల్లు పడగొట్టి ఉంటుంది, ముందు బిల్డర్ బోర్డు ఉంటుంది. పిట్టి త్యాగరాయ చెట్టి పేరుతో 1920లలో చెరువు నేల మీద వెలసిన ఈ పేటలో మనవాళ్లు మూడు నాలుగు తరాలుగా ఉన్నారు. తాతలు కట్టిన ఇళ్లు ఇప్పుడు మనవల చేతికి వచ్చాయి. ఒక గ్రౌండు, రెండు గ్రౌండ్ల స్థలంలో ఇల్లు, అందులో ఇద్దరు ముసలివాళ్లు, పిల్లలేమో హైదరాబాదులోనో డాలస్‌లోనో. మెట్లు ఎక్కలేక కొందరు, వాటాలు తేల్చుకోవడానికి కొందరు ఇంటిని అమ్ముతున్నారు, మార్చుకుంటున్నారు, లేదా జాయింట్ వెంచర్‌కు ఇస్తున్నారు.

అప్పుడు అందరికీ వచ్చే అనుమానం ఒకటే. "డబ్బు చేతికి రాలేదు కదా, ఇల్లిచ్చి ఇల్లు తీసుకున్నాం కదా, దీనికీ పన్నా?"

అమెరికాలో ఉన్న పిల్లలు ఫోన్లో ఇంకో మాట చెబుతారు. అక్కడ టెన్ థర్టీవన్ అని ఒక సెక్షన్ ఉంది, అద్దెకిచ్చిన ఆస్తిని అలాంటి ఇంకో ఆస్తితో మార్చుకుంటే పన్ను అప్పటికి కట్టక్కర్లేదు, ఇక్కడా అలాగే చేయండి అని. అక్కడ అది నిజమే. 1921 నుంచి ఏదో ఒక రూపంలో ఆ వెసులుబాటు ఉంది. పాత ఆస్తి ఇచ్చిన 45 రోజుల్లో కొత్తది ఏదో రాసివ్వాలి, 180 రోజుల్లో రిజిస్టర్ చేసుకోవాలి. కానీ అక్కడ పన్ను రద్దు కాదు, వాయిదా మాత్రమే. పాత కొనుగోలు ధరే కొత్త ఆస్తికీ అంటుకుని వస్తుంది. పైగా అమెరికాలోని ఆస్తికి, బయటి దేశంలోని ఆస్తికి మధ్య మార్పిడి అందులో కుదరదు.

మన దేశంలో అలాంటి సెక్షన్ లేదు. ఆదాయపు పన్ను చట్టం 'బదిలీ' అనే మాటను నిర్వచించినప్పుడు అమ్మకం పక్కనే మార్పిడిని కూడా పేరుపెట్టి చేర్చింది. కాబట్టి ఇద్దరు ఇళ్లు మార్చుకుంటే ఇద్దరూ అమ్మినట్టే లెక్క. మీరు తీసుకున్న ఇంటి మార్కెట్ విలువే మీ అమ్మకం ధర. మీరిచ్చిన ఇంటి గైడ్‌లైన్ వాల్యూ దానికన్నా 10 శాతానికి మించి ఎక్కువుంటే ఆ గైడ్‌లైన్ వాల్యూనే ధరగా పట్టుకుంటారు. స్టాంపు డ్యూటీ సంగతి వేరు. ఎక్స్‌ఛేంజ్ డీడ్‌కు రెండు ఆస్తుల్లో విలువ ఎక్కువున్న దాని మీద కట్టాలి.

అయితే మన చట్టంలో వేరే దారి ఉంది. నా దృష్టిలో అమెరికా పద్ధతికన్నా అదే మేలు. తేదీలు తప్పకుండా నడిస్తే పన్ను వాయిదా పడదు, పూర్తిగా పోతుంది.

ఇంటికి ఇల్లు: సెక్షన్ 54

నివాసపు ఇల్లు అమ్మి లేదా మార్చి, వచ్చిన లాభంతో మరో నివాసపు ఇల్లు తీసుకుంటే ఆ మేరకు పన్ను లేదు. పాత ఇంట్లో మీరే కాపురం ఉండాలన్న నియమం లేదు, అద్దెకిచ్చిన ఇల్లయినా సరే. 24 నెలలకు పైగా చేతిలో ఉండాలి. వారసత్వంగా వచ్చినదైతే తండ్రి, తాతల కాలం కూడా కలుస్తుంది. కొత్త ఇల్లు అమ్మకానికి ఏడాది ముందు గానీ, తర్వాత రెండేళ్లలో గానీ కొనాలి. కట్టించుకుంటే మూడేళ్లు. ఇల్లు భారతదేశంలోనే ఉండాలి. ఒక ఇల్లే ఉండాలి. లాభం 2 కోట్లకు మించకపోతే మాత్రం జీవితంలో ఒకసారి రెండు ఇళ్లకు ఒప్పుకుంటారు. మినహాయింపుకు 10 కోట్ల పరిమితి ఉంది.

కొత్త ఇంటిని మూడేళ్లు అట్టిపెట్టుకోవాలి. ఆలోపు అమ్మితే, ఇంతకుముందు మినహాయించిన లాభాన్ని కొత్త ఇంటి ఖరీదులోంచి తీసేసి లెక్క కడతారు. పన్ను మళ్లీ పుట్టుకొస్తుంది. మూడేళ్లు దాటితే కొత్త ఇంటి పూర్తి ఖరీదే మీ ఖరీదు, పాత లాభం ఊసే ఉండదు.

2026 ఏప్రిల్ 1 నుంచి 1961 చట్టం స్థానంలో 2025 ఆదాయపు పన్ను చట్టం వచ్చింది. అందులో 54 కాస్తా 82 అయింది, 54ఈసీ 85, 54ఎఫ్ 86. ఆడిటర్లు, బ్యాంకులవాళ్లు ఇంకా పాత నంబర్లతోనే మాట్లాడుతున్నారు కాబట్టి ఇక్కడా అవే వాడుతున్నాను.

లాభం ఎంతో ఎలా తేల్చాలి

తాత 1960లలో కొన్న ఇంటి ధర ఇప్పుడు లెక్కలోకి రాదు. 2001 ఏప్రిల్ 1 నాటి మార్కెట్ విలువను ఖరీదుగా తీసుకోవచ్చు. దానికి రిజిస్టర్డ్ వాల్యూయర్ దగ్గర రిపోర్టు తీసుకోవాలి. ఆనాటి గైడ్‌లైన్ వాల్యూ దొరికితే దానికన్నా ఎక్కువ చూపడానికి లేదు. ఇక్కడ చాలామంది తప్పు చేస్తారు. వాల్యూయర్ ఉదారంగా వేసిన అంకె పట్టుకుని రిటర్న్ వేస్తారు, తర్వాత నోటీసు వస్తుంది.

ఒక లెక్క చూద్దాం. అంకెలు ఉదాహరణకే. ఒక ఇంటి 2001 విలువ 40 లక్షలు. 2025-26లో 5 కోట్లకు అమ్మారు. 2024 జూలై 23 తర్వాతి పద్ధతిలో ఇండెక్సేషన్ లేదు, 12.5 శాతం పన్ను. లాభం 4.60 కోట్లు, పన్ను 57.5 లక్షలు. సర్‌చార్జి, సెస్ కలిపితే దాదాపు 69 లక్షలు. పాత పద్ధతిలో 2025-26 ఇండెక్స్ 376. అంటే 40 లక్షలు 1.504 కోట్లవుతుంది, లాభం 3.496 కోట్లు, 20 శాతం చొప్పున 69.92 లక్షలు, సర్‌చార్జి, సెస్ అదనం. 2024 జూలై 23కు ముందు వచ్చిన ఆస్తి అయితే, దేశంలో నివాసం ఉన్న వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు రెండు లెక్కల్లో ఏది తక్కువైతే అదే. ఈ ఇంటికి కొత్త పద్ధతే తక్కువ.

అదే ఇల్లు 2 కోట్లకే పోయిందనుకోండి. కొత్త పద్ధతిలో 20 లక్షలు, పాత పద్ధతిలో 9.92 లక్షలు. ఆ సంవత్సరానికి చూస్తే, అమ్మకం ధర 2001 విలువకు ఎనిమిది రెట్లు దాటితే కొత్తది మేలు, లోపుంటే పాతది మేలు అని ఉజ్జాయింపుగా గుర్తుపెట్టుకోవచ్చు.

కానీ ఈ పోలిక మినహాయింపు కూడా వేశాకే చేయాలి. చట్టం పోల్చమన్నది రెండు పన్నులను, రెండు లాభాలను కాదు. 5 కోట్లకు అమ్మిన కుటుంబం 3.5 కోట్లతో కోడంబాక్కంలోనో అశోక్‌నగర్‌లోనో ఫ్లాట్ కొన్నదనుకోండి. కొత్త లెక్కలో ఇంకా 1.10 కోట్ల లాభం మిగిలి 13.75 లక్షల పన్ను కనిపిస్తుంది. పాత లెక్కలో లాభం 3.496 కోట్లే కదా, ఫ్లాట్ ఖరీదు దాన్ని పూర్తిగా మింగేసింది, పన్ను సున్నా. మొదట నష్టంగా కనిపించిన పాత పద్ధతే చివరికి గెలిచింది. మీ ఆడిటర్ ఒకే లెక్క వేసి ఇస్తే రెండోది కూడా వేయమని అడగండి.

జాయింట్ వెంచర్: మన వీధుల్లో ఎక్కువగా జరిగేది ఇదే

స్థలం మనది, కట్టుబడి బిల్డర్‌ది, ఫ్లాట్లు సగం సగం. ఇదీ మార్పిడే. సగం స్థలం, అంటే అన్‌డివైడెడ్ షేర్, బిల్డర్‌కు పోతుంది. బదులుగా కట్టిన ఫ్లాట్లు వస్తాయి. పూర్వం ఒప్పందం రాసి స్వాధీనం ఇచ్చిన ఏడాదే పన్ను కట్టమనేవారు. ఇల్లు పోయింది, ఫ్లాట్ రాలేదు, పన్ను నోటీసు మాత్రం వచ్చింది అని బాధపడినవాళ్లు మన పేటలోనూ ఉన్నారు. 2017 ఫైనాన్స్ చట్టం 45(5ఏ) తెచ్చి దీన్ని సరిచేసింది. ఒప్పందం రిజిస్టర్ అయి ఉంటే, కంప్లీషన్ సర్టిఫికెట్ వచ్చిన సంవత్సరంలోనే పన్ను. మన వాటా ఫ్లాట్లకు ఆనాటి స్టాంపు విలువ, దానికి బిల్డర్ ఇచ్చిన నగదు కలిపితే అదే అమ్మకం ధర. నగదు మీద బిల్డర్ 10 శాతం టీడీఎస్ పట్టుకుంటారు.

రెండు షరతులు మరిచిపోకూడదు. ఇది వ్యక్తులకు, హిందూ అవిభక్త కుటుంబాలకు మాత్రమే, కుటుంబం పేరున కంపెనీ గానీ భాగస్వామ్య సంస్థ గానీ ఉంటే వర్తించదు. కంప్లీషన్ సర్టిఫికెట్ రాకముందే మన వాటా ఎవరికైనా అమ్మేస్తే, అమ్మిన ఏడాదే మొత్తం పన్ను మీద పడుతుంది. పెళ్లి ఖర్చుకో వైద్యానికో మధ్యలో ఒక ఫ్లాట్ అమ్ముకునేవాళ్లు ఇది చూసుకోవాలి.

ఇక సెక్షన్ 54 దీనికి ఎలా కలుస్తుంది? ఒక గ్రౌండులో నాలుగు ఫ్లాట్లు, రెండు యజమానికి. ఒక్కొక్కటి కంప్లీషన్ నాటికి 1.5 కోట్లు. అమ్మకం ధర 3 కోట్లు, ఇచ్చిన సగం స్థలం 2001 ఖరీదు 20 లక్షలు, లాభం 2.80 కోట్లు. యజమాని ఒక్కరే అయితే లాభం 2 కోట్లు దాటింది కాబట్టి రెండు ఇళ్ల వెసులుబాటు లేదు. ఒక ఫ్లాట్‌కే మినహాయింపు. మిగిలిన 1.30 కోట్ల మీద 12.5 శాతం చొప్పున 16.25 లక్షలు, సర్‌చార్జి, సెస్ వేరే. ఇండెక్సేషన్ లెక్కలో కొంచెం తగ్గవచ్చు. ఏ లెక్కయినా, చేతికి ఒక్క రూపాయి నగదు రాని లావాదేవీకి ఇంత నగదు కట్టాలి.

అదే ఇల్లు ఇద్దరు అక్కచెల్లెళ్ల పేర ఉందనుకోండి. ఒక్కొక్కరి లాభం 1.40 కోట్లు, ఒక్కొక్కరికి 1.5 కోట్ల ఫ్లాట్. ఇద్దరికీ పన్ను సున్నా. సెక్షన్ 54 మనిషికి వర్తిస్తుంది, ఇంటికి కాదు. అందుకే ఆస్తి ఎవరెవరిదో బిల్డర్‌తో సంతకాలకు ముందే తేలాలి. తండ్రి బతికుండగా ఎదిగిన పిల్లలకు వాటా సెటిల్‌మెంట్ చేసి ఇవ్వడం చట్టబద్ధమే, దానికి ఇచ్చినవారికీ పుచ్చుకున్నవారికీ ఆదాయపు పన్ను లేదు. కానీ నిజంగా పంచాలనుకుంటేనే చేయండి. పన్ను కోసం పేరు మార్చి, తర్వాత ఆ పేరు వెనక్కి రాక కోర్టులకు తిరిగే కుటుంబాలను చూస్తూనే ఉన్నాం.

రెండు మూడు ఫ్లాట్లు కలిపి 'ఒక ఇల్లు' అనవచ్చా అన్నది పాత వివాదం. జాయింట్ వెంచర్‌లో వచ్చిన పలు ఫ్లాట్లకు మినహాయింపు ఇవ్వవచ్చని మద్రాస్ హైకోర్టు 2014లో తీర్పు చెప్పింది. కానీ అది పాత సంవత్సరాలకు సంబంధించినది. ఆ ఏడాదే చట్టంలో 'ఒక' అన్న మాట స్పష్టంగా చేర్చారు. పక్కపక్క ఫ్లాట్ల మధ్య గోడ తీసి ఒకే కాపురంగా వాడుకుంటే ట్రైబ్యునళ్లు ఒక ఇల్లుగా ఒప్పుకున్న సందర్భాలున్నాయి. ఒకటి రెండో అంతస్తులో, ఇంకొకటి నాలుగో అంతస్తులో ఉంటే ఆ వాదన నిలవడం కష్టం.

బిల్డర్ ఆలస్యం చేస్తే మూడేళ్ల గడువు ఏమవుతుందన్నది ఇంకో భయం. డబ్బు గడువులో ఇంటికే పెట్టి ఉంటే, కట్టుబడి పూర్తికాలేదన్న కారణంతోనే మినహాయింపు తీసేయకూడదని మద్రాస్ హైకోర్టు 2008లో అన్నది. మంచి తీర్పే. అయినా ఒప్పందంలో గడువు తేదీ, ఆలస్యానికి పరిహారం, కంప్లీషన్ సర్టిఫికెట్ తెచ్చే బాధ్యత రాయించుకోవడం మన పని.

అన్నదమ్ముల మధ్య మార్పిడి

"మాంబలం ఇల్లు నువ్వు తీసుకో అన్నయ్యా, నెల్లూరు ఇల్లు నాకివ్వు" అన్న మాట మన ఇళ్లలో మామూలే. ఇక్కడ ఏ పత్రం రాస్తారన్నదే పన్నును తేలుస్తుంది. ఇద్దరికీ రెండింటిలో ఉమ్మడి హక్కు ఉండి, దాన్ని పంచుకుంటూ రాసిన భాగపత్రం గానీ, నిజమైన కుటుంబ ఒప్పందం గానీ బదిలీ కిందికి రాదని కోర్టులు చెప్పాయి. అప్పటికే విడివిడిగా సొంతమైన ఇళ్లను ఎక్స్‌ఛేంజ్ డీడ్‌తో మార్చుకుంటే అది బదిలీయే. ఒకరికొకరు అదే రోజు సెటిల్‌మెంట్ డీడ్లు రాసుకుంటే? పేరు కానుకే గానీ, ఒకదానికి ఒకటి బదులు కాబట్టి మార్పిడి అని శాఖ అనవచ్చు.

ఈ విషయంలో మనవాళ్ల కేసు ఒకటి దేశమంతా ఇప్పటికీ ఉదహరిస్తారు. ఆంధ్రప్రదేశ్ నుంచి సుప్రీంకోర్టుకు వెళ్లిన నలుగురు అన్నదమ్ముల ఉమ్మడి కుటుంబం అది. ముగ్గురు తమ్ముళ్లు ప్రతిఫలం తీసుకుని ఉమ్మడి ఇంటిలో తమ వాటాలను అన్నకు రిలీజ్ చేశారు. అంతకుముందు తన ఇల్లు అమ్మిన అన్న, ఇది కూడా ఇల్లు కొనడమేనని సెక్షన్ 54 అడిగాడు. రిలీజ్ డీడ్ కొనుగోలు ఎలా అవుతుందని శాఖ వాదించింది. 1979లో జస్టిస్ వి.ఆర్. కృష్ణయ్యర్ తీర్పులో అన్న గెలిచాడు. ధర డబ్బుగా ఇచ్చినా, వస్తువుగా ఇచ్చినా, బాకీలో సర్దుబాటు చేసినా కొనుగోలే అన్నారు. ఇల్లిచ్చి ఇల్లు తీసుకున్నవాళ్లు, అక్కాతమ్ముళ్ల వాటా కొనుక్కున్నవాళ్లు సెక్షన్ 54 అడగడానికి ఈ తీర్పు పెద్ద ఆసరా.

అంగడి అమ్మితే

ఉస్మాన్ రోడ్డు, పాండీ బజారు ప్రాంతాల్లో అంగళ్లున్న కుటుంబాలకు దారి ఇంత సులువు కాదు. అంగడి ఇచ్చి అంగడి తీసుకుంటే లాభమంతటికీ పన్నే. అంగడి గానీ ఖాళీ స్థలం గానీ అమ్మి ఇల్లు కొంటే 54ఎఫ్ ఉంది. కానీ అందులో లాభం మాత్రమే కాదు, అమ్మిన సొమ్ము మొత్తం ఇంట్లో పెడితేనే పూర్తి మినహాయింపు, కొంత పెడితే ఆ దామాషాలోనే. అమ్మిన రోజుకు మీ పేర ఒకటికి మించి ఇళ్లుండకూడదు. కింద అంగడి, పైన కాపురం ఉన్న ఇళ్లకు రెండు భాగాల విలువ వేరు చేయాల్సి వస్తుంది. వాల్యూయర్ రిపోర్టులోనే అది రాయించుకోండి.

ఇల్లు, అంగడి, స్థలం ఏది అమ్మినా 54ఈసీ బాండ్లున్నాయి. ఆర్‌ఈసీ, పీఎఫ్‌సీ, ఐఆర్‌ఎఫ్‌సీ, హడ్కో ఇస్తాయి. అమ్మిన ఆరు నెలల్లో 50 లక్షల వరకు పెట్టవచ్చు, అయిదేళ్లు కదపకూడదు, వడ్డీ 5.25 శాతం, దానికీ పన్నుంది. నలుగురు వాటాదారులుంటే నలుగురికీ వేర్వేరు 50 లక్షలు.

విదేశాల్లో ఉన్న వాటాదారు

అమ్మకందారుల్లో ఒకరు ఎన్‌ఆర్‌ఐ అయితే వారికి పాత ఇండెక్సేషన్ లెక్క లేదు, 12.5 శాతమే. వారి వాటా సొమ్ము నుంచి కొన్నవారు 1 శాతం కాదు, 12.5 శాతం, సర్‌చార్జి, సెస్‌తో సహా పట్టుకోవాలి, అదీ లాభం మీద కాదు, ధర మీద. ముందుగానే ఆదాయపు పన్ను శాఖకు దరఖాస్తు చేసి తక్కువ కోత సర్టిఫికెట్ తెచ్చుకుంటే ఈ బెడద తప్పుతుంది. ఆ పని అడ్వాన్సు తీసుకునేటప్పుడే మొదలుపెట్టాలి, రిజిస్ట్రేషన్ ముందు వారం కాదు. సెక్షన్ 54 వారికీ వర్తిస్తుంది, ఇల్లు ఇండియాలోనే కొనాలి. టెక్సాస్‌లో కొన్న ఇల్లు పనికిరాదు.

అసలు జారిపోయేది ఇక్కడే

ఇల్లు కొనడానికి రెండేళ్లున్నాయి కదా అని డబ్బు ఫిక్స్‌డ్ డిపాజిట్‌లో వేసి కూర్చోవడం. రిటర్న్ దాఖలు చేసే గడువు, మామూలుగా జూలై 31, ఆలోపు ఇల్లు కొనకపోతే ఆ సొమ్మును 1988 స్కీము కింద క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేయాలి. అధికారం ఉన్న బ్యాంకు బ్రాంచీలోనే అది తెరుస్తారు. మామూలు డిపాజిట్ ఎంత పెద్దదైనా దీనికి లెక్కలోకి రాదు. మార్చిలో అమ్మినవారికి చేతిలో ఉండేది నాలుగు నెలలే. ఏ-రకం ఖాతా సేవింగ్స్ లాంటిది, బీ-రకం టర్మ్ డిపాజిట్ లాంటిది. తీసిన డబ్బు 60 రోజుల్లో ఇంటికే వాడాలి. ఖాతా మూసేటప్పుడు ఆదాయపు పన్ను అధికారి అనుమతి తీసుకుని ఫారం జీ ఇవ్వాలి, దీనికి నెలలు పట్టవచ్చు.

గడువులోగా వాడని సొమ్ముకు మూడేళ్లు నిండిన సంవత్సరంలో పన్ను పడుతుంది. ఈలోగా ఖాతాదారు చనిపోతే మిగిలిన సొమ్మును వారసుల ఆదాయంగా పట్టి పన్ను వేయరాదని సీబీడీటీ 1996లోనే 743 నంబరు సర్క్యులర్ ఇచ్చింది. పెద్దవాళ్లు ఖాతా తెరిచేటప్పుడు నామినీ పేరు రాయించడం మరిచిపోకండి. ఆ గడి ఖాళీగా ఉంటే సొమ్ము తీసుకోవడానికి పిల్లలు వారసత్వ పత్రాల కోసం తిరగాల్సి వస్తుంది.